పెడల్ లోపటి పేజీ

నేను టైప్ చేసి బతికే మనిషిని. డాక్టర్లు రికార్డ్ చేసి పంపిన మాటలు విని, వాటిని రిపోర్టులుగ టైప్ చేసుడు నా పని. ఆఫీసు పంజాగుట్టల, ఇల్లు బోరబండల. పన్నెండేండ్లయింది ఈ పనికొచ్చి. నాకు పుట్టినప్పటి నుంచి చూపు లేదు. ఎడమ చెవిల డాక్టర్ గొంతు నడుస్తది, కుడి చెవిల స్క్రీన్ రీడర్ గొంతు నడుస్తది. తెర మీద ఏ అక్షరం ఉన్నా చదివి చెప్పే సాఫ్ట్‌వేర్ అది. చేతులు కీబోర్డు మీద ఉంటయి కాబట్టి రికార్డింగ్ నడిపిచ్చుడు, ఆపుడు కాలు పని. టేబుల్ కింద ఒక పెడల్ ఉంటది. నడుమ భాగం తొక్కితే మాట నడుస్తది, కాలు తీస్తే ఆగుతది. ఎడమ దిక్కు తొక్కితే వెనక్కి, కుడి దిక్కు తొక్కితే ముందుకు.

పాత పెడళ్లు అరిగిపోయినయని పోయినేడు మావోళ్లు అన్నీ తీసేసి కొత్తవి పెట్టించిండ్రు. అమీర్‌పేటల ఒక చిన్న కంపెనీ తయారు చేసినవి. కంప్యూటర్ల సంగతి చూసే అన్న వచ్చి నా టేబుల్ కింద వంగి యూఎస్‌బీ తీగ పెట్టుకుంట చెప్పిండు: "అక్కా, గిది మస్తు సులువు. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని లేదు. బ్రౌజర్ తెరిచి ఈ నంబర్ కొట్టు, పెడల్ సెట్టింగులు ఒస్తయి."

"ఇంటర్నెట్ల ఉంటదా అన్నా ఆ పేజీ?"

"ఇంటర్నెట్ అక్కర్లే. పేజీ పెడల్ లోపట్నే ఉంటది. దాన్ల చిన్న సర్వర్ ఉన్నది. తీగ పెట్టంగనే, నాకు ఇంకో నెట్‌వర్క్ కలిసిందని కంప్యూటర్ అనుకుంటది. నువ్వు బ్రౌజర్ల అడిగితే పెడల్ జవాబిస్తది."

నా కాలి కింద ఉన్న డబ్బాల ఒక వెబ్ పేజీ కూసున్నదంటే నాకు ఎంత సంబురమైందో! పాత పెడల్ సెట్టింగులు కంప్యూటర్ల ఏదో వేరే విండోల వచ్చేటివి, దాన్ని నా స్క్రీన్ రీడర్ చదివేది కాదు. వెబ్ పేజీ అట్ల కాదు. పేపర్ చదివేది నేను బ్రౌజర్లనే, బ్యాంకు పని చేసుకునేది దాన్లనే, రైలు టికెట్ తీసుకునేది దాన్లనే. ఇగ నా పెడల్ నేనే సెట్ చేసుకుంట అనుకున్న. నాకు కావాల్సింది పెద్దదేం కాదు. ఆపి మళ్లీ తొక్కినప్పుడు రికార్డింగ్ రెండు సెకన్లు వెనక్కి పోయి మొదలుకావాలె. రెండు గొంతులు ఒక్కసారి వినేటోళ్లకు ఆ రెండు సెకన్లు లేకపోతే ఒక మాట జారిపోతది.

నంబర్ కొట్టిన. పేజీ తెరుచుకున్నది. స్క్రీన్ రీడర్ చదువుడు మొదలుపెట్టింది.

"బటన్. బటన్. బటన్. బొమ్మ. బటన్. బటన్."

పద్నాలుగు బటన్లు. ఒక్కదానికి పేరు లేదు. బాణాలు, గడియారాలు, గుండ్రాలు అన్నీ బొమ్మలు గీసి, అవి ఏందో ఒక్క మాట సుత రాయలేదు. ఏది సేవ్, ఏది క్యాన్సిల్ తెలిసే దారి లేదు. అయినా తెగించి మూడోది నొక్కిన. పెడల్ తొక్కి చూస్తే డాక్టర్ గొంతు ఎలుక గొంతయ్యింది. వేగం రెండింతలు పెరిగింది. దాన్ని సరిచేద్దామని ఇంకోటి నొక్కితే ఎడమకు తొక్కినా కుడికి తొక్కినా ముందుకే ఉరుకుడు.

నా పక్క సీట్ల కూసునే ఆమెది కృష్ణా జిల్లా. నాకన్న పదిహేనేండ్లు పెద్ద, నేను అక్కా అంట. "ఏంటమ్మా, ఏం నొక్కావు?" అని లేచి వచ్చి, నా మౌస్ పట్టుకుని రెండు నిమిషాల్ల అన్నీ సరిచేసింది. "ఇదుగో, వెనక్కి బాణం, పక్కన గడియారం. ఇదేనమ్మా నీకు కావాల్సింది."

ఆ రోజుకు అయిపోయింది. గని మా దగ్గర సీట్లు షిఫ్టుల మీద మారుతయి. సాయంత్రం నా సీట్ల కూసునే మనిషికి రెండు సెకన్లు వెనక్కి పోవుడు నచ్చదు, తీసేస్తడు. తెల్లారి నేను మళ్లీ ఎవరినో ఒకరిని అడగాలె. అక్క ఉంటే అయిపోతది. ఆమె సెలవు పెట్టిన రోజు, "రెండు నిమిషాలమ్మా" అన్నోళ్లు నలుగురు. ఆ రెండు నిమిషాలు టీ టైం దాంక రాలేదు. సాయం అడుగుడు నాకు నామోషీ కాదు. రోడ్డు దాటుడుకు అడుగుత, కొత్త బిల్డింగుల గది ఎక్కడని అడుగుత. గని నేను చదవగలిగే చోట, నేను చదవగలిగే పేజీ మీద, పద్నాలుగు మాటలు రాయనీకి ఎవరికో బద్ధకమైనందుకు నేను రోజూ చేయి చాపాల్నా?

ఇట్ల నడుస్తుండంగనే, సెట్టింగ్ పెట్టేటోళ్లు దొరకని ఒక రోజు నేను ఒక తప్పు చేసిన. రోగికి నొప్పి లేదని డాక్టర్ చెప్పిండు, నేను ఉన్నదని కొట్టిన. ఆపి మళ్లీ తొక్కేకాడ ఆ "లేదు" జారిపోయింది. మా రిపోర్టులల్ల తప్పులు చూసే ఆమె దాన్ని పట్టుకున్నది, నయం. సూపర్‌వైజర్ పిలిచిండు.

"అమ్మా, నీకు కష్టమైతున్నట్టున్నది. ఫోన్లు ఎత్తే పని ఇస్తం. నీకు సుఖంగ ఉంటది."

"సార్, పన్నెండేండ్లల్ల నా తప్పులు ఎన్ని? పెడల్ మారినంక ఎన్ని? ఒక్కసారి చూడుండ్రి."

"పెడల్ అందరిదీ మారింది గదమ్మా. వేరేటోళ్లకు లేని ప్రాబ్లం నీకెందుకు?"

నాకు ఒళ్లు మండింది. పెడల్ వచ్చిన డబ్బా మీదున్న నంబర్ అక్కతోని చదివించుకుని, కంపెనీకి ఫోన్ చేసిన. ఎత్తిన ఆమె, "పెడల్ పనిచేస్తున్నదా మేడం?" అన్నది. చేస్తున్నది అన్న. "మరి ప్రాబ్లం ఏంది?" పేజీ చదవొస్తలేదు అన్న. "ఎవరన్న చూసి పెడ్తరు గద మేడం" అని పెట్టేసింది.

శనివారం మధ్యాహ్నం పని అయిపోంగనే పెడల్ సంచిల వేసుకుని నేనే పోయిన. మెట్రోల ఒక్క స్టేషనే. అమీర్‌పేటల దిగి ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే కోర్సుల కాయితాలు పంచేటోళ్లు అడుగడుగున ఉంటరు. ముందు నడిచేటోళ్ల చేతుల్ల, వెనక నడిచేటోళ్ల చేతుల్ల కాయితం పడుతున్న చప్పుడు నాకు వినపడుతనే ఉంటది. నా చేతుల మాత్రం ఎవ్వరూ పెట్టరు. కర్ర చూసి పక్కకు జరుగుతరు. పన్నెండేండ్లల్ల ఒక్క కాయితం సుత రాలేదు నాకు. ఆ కోపం ఎప్పుడూ ఉండేదే, ఆ రోజు ఇంకింత ఎక్కువైంది.

ఆ కంపెనీ మూడో అంతస్తుల ఉన్నది, రెండు కోచింగ్ సెంటర్ల మీద. లోపట సోల్డరింగ్ వాసన. ఓనర్ వచ్చిండు. ముందు నాతోని మాట్లాడలేదు. ఫోన్లు ఎత్తే ఆమెతోని, "ఈమెతోని ఎవరన్న వచ్చిండ్రా? మంచినీళ్లు తాగుతదా అడుగు" అన్నడు.

"నేను ఒక్కదాన్నే వచ్చిన. మంచినీళ్లు వద్దు. మీ పెడల్ సెట్ చేసుకునే పేజీల బటన్లకు పేర్లు లేవు, అది చెప్పనీకి వచ్చిన."

ఆయన కుర్చీ జరుపుకుని కూసున్నడు. "చూడమ్మా, మా ప్రొడక్టు చూపు లేనోళ్ల కోసం తయారుచేసింది కాదు."

"మీ ప్రొడక్టు తొక్కేది కాళ్లతోని సార్. నాకు రెండు కాళ్లు సక్కగ ఉన్నయి."

ఆయన ఇంజినీర్‌ను పిలిచిండు. గొంతును బట్టి నా ఈడువాడే. మెల్లగ మాట్లాడే మనిషి. "మేడం, లోపటి చిప్‌ల జాగ శాన తక్కువ. పేజీ అంతా దాంట్లనే పట్టాలె. అందుకే బొమ్మలు పెట్టినం."

"బొమ్మకు ఎక్కువ జాగ పడ్తదా, సేవ్ అని ఇంగ్లీషుల నాలుగక్షరాలు రాస్తే ఎక్కువ పడ్తదా?"

ఓనర్ అందుకున్నడు: "ఒక్కరి కోసం ప్రొడక్ట్ మారుస్తమా అమ్మా? మీ కంపెనీ నుంచి లెటర్ తెస్తే అప్పుడు చూద్దాం." నేను లేచిన. కోపంతోని కర్ర చేతికి సక్కగ దొరకలేదు, కింద పడ్డది. ఎవరో తీసి చేతికిచ్చిండ్రు. మెట్ల కాడికి పోయేదాంక ఆ మనిషి నా వెనకనే వచ్చిండు. ఆ ఇంజినీరే.

"మేడం, పేజీ నేను మార్చొచ్చు, గని సార్ ఒప్పుకోకుంటే కొత్త పెడళ్లల్ల ఎక్కియ్యలేను. ఒక మాట చెప్త వినుండ్రి. ఆ బటన్లు చేసే పని ఒక్కటే. నొక్కితే బ్రౌజర్ పెడల్‌కు ఒక అడ్రస్ పంపుతది, అంతే. ఆ అడ్రస్ మీరే పైన కొట్టి ఎంటర్ నొక్కినా పెడల్‌కు తేడా తెల్వదు."

నేను మెట్ల మీదనే కూసున్న. సంచిల నుంచి చిన్న కీబోర్డ్ తీసి ఫోనుకు కలిపిన. "చెప్పన్నా, కొడ్త."

ఆయన చెప్పుకుంట పోయిండు. నంబర్ తర్వాత ఒక గీత, సెట్ అనే మాట, ప్రశ్న గుర్తు, బ్యాక్, ఈక్వల్ టు, రెండు. అట్లనే వేగానికి ఒకటి, ఎడమ కుడి మార్చనీకి ఒకటి, అన్నీ మొదటికి తేనీకి ఒకటి, ఇంకో రెండు. మొత్తం ఆరు. ఇంటికి పోయేదాంక మనసుల చదువుకుంటనే పోయిన.

సోమవారం పొద్దున ఆఫీసుల బ్రౌజర్ తెరిచి మొదటి అడ్రస్ కొట్టిన. పెడల్ తొక్కి, కాలు తీసి, మళ్లీ తొక్కిన. రెండు సెకన్లు వెనక్కి పోయి డాక్టర్ గొంతు మొదలైంది. పద్నాలుగు బటన్ల పేజీ తెరిచే పనే పడలేదు. వారం తిరిగేసరికి పక్కోళ్లు సుత నన్నే పిలుసుడు మొదలుపెట్టిండ్రు. బొమ్మలు వెతుక్కునే లోపల నేను వాళ్ల కీబోర్డ్ మీద కొట్టేసేదాన్ని. సూపర్‌వైజర్ ఫోన్ల పని ముచ్చట మళ్లీ ఎత్తలేదు. అందరి ముందు మాత్రం, "దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తడు" అన్నడు. నాకు అది మెప్పు లెక్క అనిపించలేదు. దేవుడు ఇచ్చింది కాదు సార్, అమీర్‌పేట మెట్ల మీద కూసుని రాసుకున్న ఆరు లైన్లు అని చెప్పిన. ఆయన నవ్విండు.

కొన్ని నెలలకు ఇంకొన్ని పెడళ్లు వచ్చినయి. పేజీ తెరిచిన. ఈసారి స్క్రీన్ రీడర్ పేర్లు చదివింది! సేవ్, స్పీడ్, బ్యాక్, ఫార్వర్డ్. బ్యాక్ నొక్కి సెట్ చేసిన. తొక్కితే ముందుకు ఉరికింది. రెండు పేర్లు అటుదిటు ఇటుదటు రాసిండ్రు. బొమ్మలు సరిగ్గనే ఉన్నయట, అక్క చూసి చెప్పింది. అంటే చూసేటోళ్లకు ఏ తేడా లేదు. పేర్లు రాసినోళ్లు ఒక్కసారన్న విని చూడలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఓనరే ఎత్తిండు. నా గొంతు గుర్తుపట్టి మస్తు ఖుషీ అయిండు. "అమ్మా, నేనే మీకు చేద్దామనుకుంటున్న! చూపు లేనోళ్లు సుత వాడొచ్చని డబ్బా మీద వేస్తున్నం. మీరొచ్చి పెడల్‌తోని ఒక ఫొటో దిగాలె. నల్లద్దాలు పెట్టుకుని రాండ్రి."

"నేను నల్లద్దాలు పెట్టుకోను సార్."

"మేమే తెప్పిస్తం లెండి."

"అద్దాలు తర్వాత సంగతి. ముందు ఆ రెండు పేర్లు మార్చుండ్రి" అని ఏం తప్పో చెప్పి, ఫొటోకు రానని కరాఖండిగ చెప్పిన.

మూడో రోజు ఆ ఇంజినీర్ ల్యాప్‌టాప్ పట్టుకుని పంజాగుట్టకు వచ్చిండు. నా హెడ్‌ఫోన్ తన చెవులకు పెట్టుకుని, ఒక్కో బటన్ మీద ఆగి విన్నడు, తొక్కిండు, మళ్లీ విన్నడు. పేర్లు మార్చి అన్ని పెడళ్లల్ల ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. లేచేటప్పుడు, "ముందే వినాల్సింది మేడం" అన్నడు.

"అవునన్నా, వినాల్సింది" అన్న. పర్వాలేదు అనబుద్ధి కాలేదు.

మొన్న కొత్త డబ్బా ఒకటి వస్తే అక్క దాని మీద బొమ్మ చూసి చెప్పింది. నల్లద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి నవ్వుతున్నదట. పెడల్ కాలి కింద లేదట, రెండు చేతుల్ల పట్టుకున్నదట, పళ్లెం పట్టుకున్నట్టు.

"ఎవరో మోడల్ అయ్యుంటుందమ్మా" అన్నది అక్క.

"అయ్యుండొచ్చక్కా. చేతులతోని ఎట్ల తొక్కుతరో అడుగుదాం ఆగు" అని ఫోన్ తీసిన.