పిన్ను లేని నట్టు

మిమూనా గోళ్ల చుట్టూ ఎప్పుడూ సన్నటి నల్ల గీతలు ఉండేవి. అవి కనపడకుండా ఆమె వేళ్లకు గోరింటాకు దట్టంగా పెట్టుకునేది. ఊరి స్నానశాల హమ్మాంలో కలిసిన ఆడవాళ్లు ఆ గరుకు చేతులు చూసి, పాపం ఉన్ని వడికీ వడికీ ఇలా అయ్యాయనుకునేవారు. ఆ నలుపు గ్రీజుదని ఊరు మొత్తంలో ఆమె భర్త జెల్లూల్ ఒక్కడికే తెలుసు.

సెర్సూ మైదానంలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం నడిచిన రోజుల్లో జెల్లూల్ అక్కడ పెద్ద మెకానిక్కు. క్షేత్రాన్ని ముక్కలు చేసి రైతులకు పంచేశాక, తియారెత్ వెళ్లే రోడ్డు మీద తన ఇంటికి ఆనించి రేకుల షెడ్డు వేసుకున్నాడు. ముందు చక్రాలు కూడా లాగే పాత ట్రాక్టర్లకు స్టీరింగ్ పని అంటే అతని పేరే చెప్పేవారు. గోధుమ విత్తే కాలం వస్తే షెడ్డు ముందు మూడు నాలుగు బళ్లు వరస కట్టి ఉండేవి.

నలభై ఎనిమిదో ఏట అతని కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి ఎడమ చెయ్యి కూడా. మొదట్లో మిమూనా లైటు పట్టుకునేది. తర్వాత అతను బిగించలేని నట్లు బిగించింది. ఆ తర్వాత బండి కింద పడుకున్నది ఆమె, పక్కన స్టూలు మీద కూర్చుని లైటు పట్టుకున్నది అతను. లైటు కూడా వణికేది.

పని జరిగేటప్పుడు షెడ్డు తలుపులు మూసేసేవారు. జెల్లూల్ తన పనితనం ఎవరి కంటా పడనివ్వడు, అంత గుట్టు మనిషి అని రైతులు చెప్పుకునేవారు. బండి వదిలేసి కాఫీ కొట్టుకు పోయి, పిలిస్తే వచ్చేవారు.

"బండి ఏమంటోంది?" అని అడిగేవాడు జెల్లూల్.

"చక్రాలు చివరిదాకా తిరిగి ఆగిపోయాయి. స్టీరింగ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నూనె ఎక్కడో లోపలే జారిపోతోంది."

"ఎక్కడ?"

"ఉండు, చెప్తాను."

సిలిండర్‌కు పోయే రెండు గొట్టాలూ విప్పి, వాటి మూతులు గట్టిగా మూసేసి, మళ్లీ స్టీరింగ్ తిప్పేది. అది రాయిలా బిగుసుకుపోతే పైన పంపుదాకా అంతా బాగున్నట్టు. జబ్బు సిలిండర్‌లో ఉన్నట్టు. ఇది జెల్లూల్ నేర్పిన విద్యే. కానీ నూనె జారకుండా ఆపే కొత్త సీలు పిస్టన్ మీదికి ఎక్కాలంటే దాన్ని కాఫీ గిన్నెలో వేడినీళ్లలో నానబెట్టాలని కనిపెట్టింది మాత్రం ఆమె. అతను స్క్రూడ్రైవరుతో పొడిచి ఎక్కించేవాడు. పదింటిలో మూడు సీళ్లు చిరిగేవి. ఆమె చేతిలో ఒక్కటి చిరగలేదు.

ఒకసారి, సిలిండర్ కడ్డీని ఆమె సన్నటి ఎమరీ గుడ్డతో అద్దంలా చేస్తుంటే చాలాసేపు చూసి అన్నాడు:

"నీ చెయ్యి నా చేతికన్నా మంచిదే."

ఆ పని చేసిన పదకొండేళ్లలో ఆమె విన్న మెప్పు అదొక్కటే. వెంటనే అతనే అన్నాడు, "ఈ మాట బయట అనకు. నేను బతికుండగానే చచ్చినోణ్ణి అవుతాను."

ఆమె అనలేదు. బయట బెంచీ మీద అతను చేతులు కశాబియా కోటులో దాచుకుని కూర్చుంటే, రైతులు వచ్చి ఆ చేతులకు అల్లా ఆయుష్షు పొయ్యాలని దీవించి పోతుంటే, వంటింట్లో కెస్రా రొట్టె కాలుస్తూ వినేది.

జెల్లూల్ చలికాలం చివర పోయాడు. పిల్లలు లేరు. ధర్మం ప్రకారం పావు వాటా ఆమెది, తక్కినదంతా తమ్ముడు బూజియాన్‌ది. ఇల్లు ఆమెకు వదిలి షెడ్డు అతను తీసుకున్నాడు. బూజియాన్ పట్నంలో కార్లు బాగుచేసేవాడు. చెడ్డవాడేం కాదు. నోరు పెద్దది, ఓపిక చిన్నది. షెడ్డు బోర్డు మీద అన్న పేరు అలాగే ఉంచి, కింద తన పేరు రాయించాడు.

జెల్లూల్ పోయి నలభయ్యో రోజు దాటాక మిమూనా అతనితో చెప్పింది, ఇన్నాళ్లూ పని చేసింది తనేనని. బూజియాన్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, గొంతు తగ్గించి అన్నాడు:

"వదినా, నీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ చచ్చినోడి పరువు ఇలా తియ్యకు. వింటే జనం ఊస్తారు."

విత్తనాల కాలం ముందు కద్దూర్ వచ్చాడు. ఏటి అవతల వాలు పొలాలు అతనివి. అతని ఎర్ర ట్రాక్టర్ స్టీరింగ్‌ను మిమూనా రెండుసార్లు పూర్తిగా విప్పి కట్టింది. దాని ఇరుసు మీద ఏ మూల ఎంత తుప్పు ఉందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. బండి తిన్నగా పోవడం లేదు, ఎడమకు జారుతోంది, నాలుగు చుట్లు తిప్పితే గానీ మలుపు తిరగడం లేదు అన్నాడు.

"పంపు పోయింది," అన్నాడు బూజియాన్.

మిమూనా కాఫీ పళ్లెం తెచ్చి అక్కడే నిలబడింది. నలుగురు మగాళ్లున్నారు.

"పంపు కాదు బూజియాన్. సిలిండర్ లోపల సీళ్లు అరిగాయి. గొట్టాలు మూసి తిప్పి చూడు, నీకే తెలుస్తుంది."

బూజియాన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "వదినా, కుస్కుస్ మాడుతోందేమో చూసుకో. దాని సీళ్లు పోతే నేను బాగు చెయ్యలేను."

అందరూ నవ్వారు. కద్దూర్ కూడా నవ్వాడు. అతని నవ్వే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. కిందటేడు ఆ బండి గట్టు ఎక్కి దిగి ఇంటికి చేరిందంటే, అది ఈ చేతులు రెండు రోజులు కష్టపడితేనే.

కొత్త పంపు బిగించారు. స్టీరింగ్ అలాగే జారింది. మర్నాడు పొద్దున బూజియాన్ చప్పుడు చెయ్యకుండా సిలిండర్ దింపి సీళ్లు మార్చాడు. సాయంత్రానికి స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతోంది. "అన్న చెయ్యి తమ్ముడికి వచ్చిందయ్యా," అన్నాడు కద్దూర్. బూజియాన్ తల వంచి ఆ మెప్పు పుచ్చుకున్నాడు.

మిమూనా వంటింటి గుమ్మంలో పిండి పిసుకుతోంది. అక్కడి నుంచి బండి ముందు భాగం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. సిలిండర్ కొసను చక్రానికి కలిపే బాల్ జాయింట్ దగ్గర కిరీటంలా గాడులున్న నట్టు మెరుస్తోంది. నట్టు బిగించి ఉంది. కానీ దాని గాడిలోంచి దూర్చి, రెండు కాళ్లు విడదీసి వంచాల్సిన పిన్ను లేదు. రంధ్రం ఖాళీగా ఉంది. ఆ పిన్ను లేకపోతే అదురుకు నట్టు చుట్టు చుట్టే వదులవుతుంది. ఎంత కాలానికంటే, అది దారిని బట్టి ఉంటుంది.

ఆమె చూసింది. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ చూసింది.

ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. కుస్కుస్ సంగతి చూసుకో అన్న గొంతు, నాలుగు నవ్వులు, అన్న చెయ్యి తమ్ముడికి వచ్చిందన్న మెప్పు, అన్నీ ఆ మాటకు అడ్డం నిలబడ్డాయి. చూసుకోనీ, వాడి పని వాడే చూసుకోనీ అనుకుంది. పంపే ముందు ఒకసారి చూస్తాడులే అనుకుంది. చూడకపోతే రేపు కద్దూర్ భార్యకు కబురు పెడదాం అనుకుంది. కద్దూర్ ఎక్కి కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. ఆమె చేతుల నిండా పిండి. బండి రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది.

మర్నాడు కబురు పెట్టలేదు. ఎవరితో పెట్టాలి, ఏమని చెప్పాలి అని మధ్యాహ్నం దాకా తర్జనభర్జన పడింది. ఆ మర్నాడు తనే నడిచి వెళ్దామని తలకు గుడ్డ కట్టుకుంటుంటే, ఏటి ఒడ్డున ట్రాక్టర్ తిరగబడిందని రోడ్డు మీద ఎవరో అరుచుకుంటూ పోయారు.

కద్దూర్ చావలేదు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. గట్టు దిగుతుంటే చక్రాలు వాటంతటవే అడ్డం తిరిగాయని, స్టీరింగ్ చేతిలో ఊరికే తిరిగిందని చెప్పాడు. బూజియాన్ వెళ్లి చూసొచ్చి, గట్టుకు తగిలి జాయింట్ ఊడిందని తేల్చాడు. పాత బండి, నిట్ట వాలు. అందరికీ అది సబబుగానే తోచింది.

మిమూనా పన్నెండు రోజులు సరిగా అన్నం తినలేదు. కద్దూర్ ఇంటికొచ్చాడని తెలిశాక గుడ్లు, కాస్త వెన్న కట్టుకుని పోయింది. అతను గోడకు ఆనుకుని గొర్రెతోలు మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య కాఫీ పొయ్యడానికి లోపలికి వెళ్లింది.

"మీ ఆయన బతికుంటే ఇలా జరిగేది కాదు చెల్లెమ్మా," అన్నాడు కద్దూర్. "ఆ చేతులు వేరు. పదకొండేళ్లు ఒక్క నట్టు వదులు కాలేదు."

ఆమె గుడ్ల మూట కింద పెట్టింది.

"కద్దూర్ అన్నా, నట్టుకు పిన్ను లేదు. బండి షెడ్డులోంచి కదలకముందే నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు."

ఆమె తిట్టు కోసం కాచుకుంది. కొట్టినా పడదామనే వచ్చింది.

"పిన్నా?" అన్నాడు మెల్లగా. "నీకెలా తెలుస్తుందమ్మా పిన్ను ఉందో లేదో?"

"నాకు తెలుసు. నీ బండి రెండుసార్లు విప్పి కట్టింది నేనే. ఆయన చేతులు పని చెయ్యడం మానేసి పదేళ్లు దాటింది."

అతను నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో ఎగతాళి లేదు, జాలి ఉంది. లోపలున్న భార్యను పిలిచి, "ఈమెను ఇంటిదాకా దిగబెట్టి రా. మొగుడు పోయిన దిగులు ఇంకా తీరలేదు పాపం," అన్నాడు. తర్వాత ఆమెతో, "నువ్వేం మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా. నా నుదుట అల్లా రాసింది. ఆడమనిషివి, నీ తప్పేముంది ఇందులో?"

నేరం ఒప్పుకున్నా, అది కూడా ఆమెది కాకుండా పోయింది. తిరిగి వస్తున్నంతసేపూ కద్దూర్ భార్య ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. ఆ చెయ్యి బరువు భరించలేక మిమూనా దారి మధ్యలో రెండుసార్లు ఆగింది.

అప్పటి నుంచి ఆ షెడ్డులోంచి ఏ ట్రాక్టర్ బయలుదేరుతున్నా మిమూనా నల్ల గుడ్డ కప్పుకుని వచ్చి దాని ముందు చక్రాల దగ్గర కూర్చుంటుంది. ఒక్కొక్క జాయింటూ వేళ్లతో తడుముతుంది, పిన్ను కాళ్లు వంగి ఉన్నాయో లేదో లెక్కపెడుతూ పెదాలు కదుపుతుంది. బూజియాన్ మొదట్లో విసుక్కున్నాడు. ఆమెను ఏమీ అనవద్దని రైతులే ఆపారు.

"ఉండనివ్వయ్యా. ముసలామె ఫాతిహా చదువుతోంది. ఆమె చెయ్యి తగిలిన బండికి ఆపద రాదంటున్నారు."

యాభై మూడేళ్లకే ఆమెను ముసలామెను చేశారు. కొందరు ఆమె దీవెన కోసమే దూరం నుంచి బళ్లు తోలుకొస్తారు. వాళ్లు తెచ్చే చక్కెర, గుడ్లు ఆమె వద్దనదు, తినదు, పక్కింటి వాళ్లకు ఇచ్చేస్తుంది. గిరాకీ పెరిగిందని బూజియాన్ కూడా ఏమీ అనడు.

ఇప్పటిదాకా మూడు బళ్లు పిన్ను లేకుండా పోబోతుంటే ఆమె పట్టుకుంది. మూడుసార్లూ ఆ నల్ల గుడ్డ చాటున తనే గుచ్చి, కాళ్లు విడదీసి వంచింది. చుట్టూ నిలబడ్డ మగాళ్లు తలలు వంచి, ఆమె ప్రార్థన అయ్యేదాకా కదలకుండా ఉన్నారు.