అంబాకో మెచ్చుకున్న వైన్

అంబాకో పుట్టి బుద్ధెరిగాక ఏ వైన్‌నీ బాగుందని అనలేదు. వైన్‌కి పేరుపడ్డ కాఖేతీ సీమలో పుట్టి, ద్రాక్షతోటల మధ్య పెరిగి, ఊళ్ళో ప్రతి ఇంటి వైనూ తాగినవాడే గాని, ఆ ఒక్క మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. గ్లాసు అందుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, పుక్కిలిస్తాడు, పెదవి విరుస్తాడు. "ఊఁ..." అంటాడు. ఆ తర్వాత వచ్చేది వినాలంటే ఎదుటివాడికి గుండె నిబ్బరం కావాలి.

తన పెళ్ళిలో మామగారు గ్లాసు అందిస్తే, "పిల్ల బంగారమండీ, వైనే..." అని ఆగిపోయాడట. ఆ మాట పూర్తి చెయ్యవయ్యా అని ఆ పెద్దాయన పోయేదాకా బతిమాలుతూనే ఉన్నాడు. చర్చిలో ఫాదర్‌గారు ప్రసాదంగా చెంచాడు వైన్ నోట్లో పోస్తే, "పోయినేడాదిదే మేలు ఫాదర్" అన్నాడు. ఒకరింట చావు భోజనంలో గ్లాసు దించి, "పాపం, పోయినవాడు బతికుంటే దీన్ని ముట్టేవాడు కాదు" అని నిట్టూర్చాడు. అయినా ఊళ్ళో ఏ పెళ్ళికి వైన్ ఎంచాలన్నా ఆయన్నే పిలుస్తారు. అంబాకో "సర్లే, చావం" అన్నాడంటే అది అమృతమని లెక్క.

ఈసారి పెళ్ళి ఆయన మేనకోడలు తేయోనాది. చెల్లెలు లమారా కూతురు. అసలు బావగారు జౌరికి వైన్ కొనే అవసరమే రాకూడదు. అక్కడ బిడ్డ పుట్టిన ఏడు పిండిన వైన్‌ని నేలలో పాతిన పెద్ద బానలో పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, ఆ బిడ్డ పెళ్ళినాడు తీస్తారు. తేయోనాకీ ఒక బాన ఉంది. కానీ మూడేళ్ళ కిందట రాజధాని నుంచి ఎవరో పెద్ద ఆఫీసరు వస్తే, గొప్ప చూపించుకోవాలని జౌరికి బుద్ధి పుట్టింది. "మా అమ్మాయి బాన సార్, మీకోసం ఒక్క జగ్గు" అని మూత తీశాడు. మళ్ళీ మట్టి మెత్తాడు గాని, తాగిన చేతులు మెత్తిన మట్టి ఎంత గట్టిగా ఉంటుంది? ఆ ఆఫీసరు పేరు కూడా ఇప్పుడు జౌరికి గుర్తులేదు.

పెళ్ళి వారం ఉందనగా బావలిద్దరూ కలిసి బాన మూత తీశారు. ముక్కు పగిలిపోయేలా పులుపు వాసన కొట్టింది. అంబాకో గరిటె ముంచి నోట్లో పోసుకున్నాడు. ఆ నోటినుంచి ఏం వస్తుందోనని జౌరి ఊపిరి బిగబట్టి చూశాడు. ఏమీ రాలేదు.

"మూత పెట్టెయ్ బావా" అన్నాడంతే.

తిట్టినా బాగుండేది. జౌరి ఆ బాన పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురికి దాచింది దాచినట్టు ఇవ్వలేని తండ్రి ఏం తండ్రి? పోనీ వేరే బాన ఉందా అంటే, వడగళ్ళు ఈ ఏడు తోటంతా ఊడ్చేశాయి. మూడొందల మంది అతిథులు, తలకి రెండు లీటర్లయినా లేకపోతే పరువు దక్కదు.

"ఇరుగుపొరుగుని అడిగితే తలా కాస్త ఇవ్వరా?" అంది లమారా.

"అడుక్కున్న వైన్‌తో నా కూతురి పెళ్ళా? ఆ పని మాత్రం నావల్ల కాదు!"

"పోనీ పట్నం వెళ్ళి సీసాలు కొనుక్కురండి."

"సీసాలా?" అన్నాడు అంబాకో అదిరిపడి. "మనం వెళ్ళేది పెళ్ళికా, ఆస్పత్రికా?"

చివరికి ఊళ్ళోనే గుట్టుగా కొందామని తేలింది. మర్నాడు పొద్దున్నే జౌరి పాత కారులో ఇద్దరూ బయల్దేరారు. మొదట గిగ్లా ఇంటికి. గిగ్లా మనిషి ఎంత లావో మనసు అంత మెత్తన. వైన్ అందిస్తే జౌరి మర్యాదకి పోయి, "ఆహా, ఎంత బాగుందయ్యా!" అనేశాడు.

అంబాకో తల పట్టుకున్నాడు. "చంపావు కదయ్యా బావా!"

ఎందుకంటే అక్కడ వైన్ మెచ్చుకున్నవాడు ఇక బేరగాడు కాడు, అతిథి. గిగ్లా ముఖం వెలిగిపోయింది. క్షణంలో బల్ల పడింది, చీజు రొట్టెలొచ్చాయి, పెరట్లో ద్రాక్షకట్టెల నిప్పు మీద మాంసం చువ్వలెక్కింది. దేశం పేరు చెప్పి ఒక గ్లాసు, పోయినవాళ్ళ పేరు చెప్పి ఒకటి, పుట్టబోయేవాళ్ళ పేరు చెప్పి ఇంకొకటి. మధ్యాహ్నం దాటాక జౌరి తడబడుతూ ధర సంగతి ఎత్తితే గిగ్లా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా ఉప్పు తిని నా ఇంట్లో బేరమా? నేనేం పాపం చేశానయ్యా!" అతిథికి అమ్మడం మహాపాపమట. ఒక చిన్న జగ్గు నింపి చేతిలో పెట్టి, ముద్దులు పెట్టి పంపించాడు.

"ఇక నువ్వు నోరు తెరవకు. మాట్లాడేది నేను" అన్నాడు అంబాకో.

మాట్లాడాడు. ఆ మాటలకంటే వడగళ్ళే నయం. రెండో ఇంట్లో పుక్కిలించి గడప బయట ఉమ్మాడు. "దీన్ని జౌరి బాన పక్కన పెడితే గాడిదలు కూడా నవ్వుతాయి. అబ్బబ్బ, మా బావ బాన తెరిచాం చూడు, ఏం వైనయ్యా అది! తేనె! ఏదో బాజాలవాళ్ళ బల్లకి నీది సరిపోతుందేమోనని వచ్చాం. ఊఁ, వాళ్ళూ మనుషులే కదా." మూడో ఇంట్లో ఇదే పాట, ఇంకాస్త రాగం తీసి. నాలుగో ఇంట్లో ముసలామె చీపురు తీసింది. వెనక్కి వచ్చే దారిలో గిగ్లా ఇంటి ముందు కారు ఆపించి మరీ, "నీ వైన్‌లో తుప్పు వాసనోయ్! పొద్దున మొహమాటానికి చెప్పలేదు!" అని అరిచాడు.

సాయంత్రానికి వాళ్ళకి వైన్ అమ్మే ఇల్లంటూ ఊళ్ళో మిగల్లేదు. జౌరి కారు రోడ్డు పక్కన ఆపేశాడు.

"లేని వైన్‌ని పొగిడావు, ఉన్న వైన్‌ని తిట్టావు! ఇప్పుడు ఆదివారం ఊరంతా నా బాన రుచి చూడ్డానికి వస్తుంది. ఏం పొయ్యను వాళ్ళకి? నీ నోటికి నా కూతురి పెళ్ళే దొరికిందా? దిగు! పెళ్ళికి కూడా రాకు!"

అంబాకో దిగి, టోపీ సర్దుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన వీపు చూస్తుంటేనే జౌరికి పశ్చాత్తాపం మొదలైంది. కానీ పిలవడానికి నోరు రాలేదు. తర్వాతి ఐదు రోజులూ రాలేదు. పట్నంలో బేరం చేద్దామంటే పెళ్ళిళ్ళ రోజులు, దొరికినవాడల్లా నీళ్ళలాంటి సరుకే చూపించాడు. లమారా అన్నగారి పేరెత్తకుండా, మొగుడి ముఖం చూడకుండా పని చేసుకుంది. ఆమె గిన్నెల చప్పుడే అన్నీ చెప్పింది.

ఆదివారం పొద్దున గేటు ముందు ట్రాక్టరు ఆగింది. తొట్టిలో మనిషెత్తు కూజాలు. గిగ్లా దిగాడు.

"ఏడీ అంబాకో? నా వైన్‌లో తుప్పా? నా కొడుకు పెళ్ళికి దాచిన బానే తీసి తెచ్చాను. పెట్టవయ్యా జౌరీ, నీ వైన్ దీని పక్కన! ఎవరిది మేలో అతిథులే చెబుతారు!"

వెనకే రెండో ఇంటివాడు, మూడో ఇంటివాడు, చీపురు ముసలామె కూడా. అందరూ కూజాలతోనే. "మాదీ పెట్టు! మాదీ!" వాకిలంతా నిండిపోయింది. పెళ్ళికూతురి బట్టల్లో తేయోనా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

జౌరికి ఇక దాచే ఓపిక లేకపోయింది. "నా వైన్ లేదు" అన్నాడు తల వంచుకుని. "పులిసిపోయింది. నేనే పాడుచేశాను. అమ్మా తేయోనా, నన్ను క్షమించు."

గిగ్లా పొట్ట ఊగేలా నవ్వాడు.

"అది మాకెప్పుడో తెలుసులేవయ్యా! అంబాకో ఒక వైన్‌ని మెచ్చుకున్నాడంటే దానర్థం ఏమిటి? ఆ వైన్ లేదనేగా! చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నువ్వొక్కడివే అది నోటి దురద అనుకున్నావు."

"మరి తెలిసీ... పోటీ అంటూ..."

"ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకుంటావా? పందెమంటే కాదనలేవు. నీ సంగతి నీకంటే మీ బావకే బాగా తెలుసు."

జౌరికి అప్పటికి గాని అర్థం కాలేదు. జన్మలో ఒక్క వైన్‌నీ మెచ్చని మనిషి, పులిసిపోయిన తన బాన కోసం ఇల్లిల్లూ తిరిగి అబద్ధం మెచ్చుకున్నాడు. అందుకు బదులుగా తను ఆయన్ని నడిరోడ్డు మీద దింపేశాడు. సిగ్గుతో జౌరి చెవులు మండాయి.

"నా బాన సంగతి పోనీ నాన్నా" అంది తేయోనా. "వైన్ లేకపోయినా పెళ్ళవుతుంది. మామయ్య రాకపోతే మాత్రం నేను చర్చికి కదలను."

జౌరి కారు కూడా తియ్యకుండా పరుగెత్తాడు. అంబాకో తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కొత్త కోటు, నున్నగా గీసిన గడ్డం, జేబులో పువ్వు. పెళ్ళికి తయారై, పిలుపు కోసం కూర్చున్నాడు.

"బావా" అన్నాడు జౌరి రొప్పుతూ. "తప్పయిపోయింది. నిన్ను అనరాని మాటలన్నాను. నన్ను క్షమించు."

అంబాకో కళ్ళు మూసుకున్నాడు. ఆ మాటల్ని కాసేపు నోట్లో తిప్పినట్టు దవడలు ఆడించాడు. పెదవి విరిచాడు.

"ఊఁ... ఉంది గాని, కాస్త పలచగా ఉంది."

జౌరి కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఈసారి వీధంతా వినేలా మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.