కాశీలో వదిలిన పండు

పెళ్ళయిన కొత్తలో నన్ను పట్టి పీడించిన ప్రశ్న ఒకటే. మధ్యాహ్నం భోజనమయ్యాక మా అత్త తాగే ఆ బలం మందు రుచి ఎలా ఉంటుంది?

విజయనగరం నుంచి నరసన్నపేట కోడలిగా వచ్చాను. అరవైల చివరి రోజులవి. మా వైపు ఇంకా మద్యనిషేధం ఉంది. కల్లు కావాలన్నవాళ్ళు చాటుగా తోటల్లోకి వెళ్ళాల్సిందే. మా అత్తకు మాత్రం ఆ తిప్పలేమీ లేవు. ఆయుర్వేదం షాపులో చవగ్గా దొరికే సీసా ఒకటి ఎప్పుడూ ఆవిడ గూట్లో ఉండేది. మా చిన్న మరిది పుట్టినప్పుడు నీరసానికని వైద్యుడు రాశాడట. మరిదికి మీసాలొచ్చాయి, మందు మాత్రం ఆగలేదు.

సీసా మీద చీటీలో "ద్రాక్షారిష్టం" అని అచ్చువేసి ఉండేది. పక్కన నల్లటి పళ్ళగుత్తి బొమ్మ. అత్తకు చదువు రాదు. ద్రాక్షపళ్ళు ఆవిడ జన్మలో చూసి ఎరగదు. బొమ్మ చూసి అవి నేరేడుపళ్ళని ఎప్పుడో తీర్మానించేసింది. "నేరేడుపళ్ళ మందే ఇది, కడుపుకి సలవ" అనేది. కాపరానికొచ్చి నెల తిరగని కోడలు అత్తగారి నేరేడుపళ్ళను ద్రాక్షపళ్ళు చేస్తుందా? ఊరుకున్నాను.

ఇత్తడి గ్లాసులో రెండు గుటకలంత పోసుకుని, ఒక గుటక మింగి కళ్ళు మూసుకునేది. ముఖంలో ముడతలన్నీ ఒక్కొక్కటే సర్దుకునేవి. పొద్దున్నుంచీ పనివాళ్ళ మీద, గేదెల మీద, నా మీద అరిచిన మనిషేనా అనిపించేది. నన్నూ కొంచెం రుచి చూడనిమ్మంటే, "పడుసుదానివి, వేడి సేస్తాది" అని సీసా దూరం జరిపేది. గ్లాసు కడిగేటప్పుడు వాసన చూసేదాన్ని. పులిసిన బెల్లం పానకంలా, మధ్యలో లవంగం ఘాటుతో ఉండేది. అంతకుమించి ఏమీ తెలిసేది కాదు.

మందు పడ్డాక కాసేపు నడుం వాల్చాలని కూడా వైద్యుడే చెప్పాడట. ఆ కాసేపే నా బతుకు. బస్టాండు దగ్గర బడ్డీలో పాకెట్ నవలలు అద్దెకిచ్చేవారు. మా ఆయన బడి నుంచి వస్తూ సంచిలో వేసుకొచ్చేవారు. ముసుగు మనుషులు, బంగళా కింద సొరంగాలు, మద్రాసు హోటళ్ళు, ప్రతి పేజీకీ ఒక పిస్తోలు. మా మావ వీధి అరుగు మీద గుర్రుపెట్టడం వినబడగానే పెరటి వసారాలో చాప పరిచేవాళ్ళం. అత్త పడుకునేది, నేను గొంతు తగ్గించి చదివేదాన్ని.

ఊరికే వినే మనిషా ఆవిడ? పేజీకోసారి నన్ను బోనెక్కించేది. "ఆగాగు. ఆ వంటోడు రాత్రేల తోటలోకి ఎందుకెల్లినాడు? నాకు ఆడి మీదే అనుమానం." నిజంగానే వంటవాడని తేలితే ఇక సాయంత్రం దాకా ఆవిణ్ణి పట్టలేం. ఒకసారి డిటెక్టివు హోటల్లో వైను తాగాడు.

"వైనంటే ఏటే?"

"దొరల కల్లు లాంటిదత్తా."

"తీపా, పులుపా?"

నాకేం తెలుసు? రాసినాయన రుచి సంగతి రాయలేదు. "తాగి నోరు తుడుసుకున్నాడని రాస్తే సాలా? ఆడి పుస్తకం ఆడే సదువుకోమను" అని అత్త అతన్ని తిట్టింది. నాకైతే ఆవిడ చేతిలోని గ్లాసు వైపే చూపు పోయింది.

ఆ ఏడు మా అత్తా మావా కాశీ ప్రయాణమయ్యారు. కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కూర ఒకటి, పండు ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. ఇక జన్మలో నోట పెట్టకూడదు. ప్రయాణానికి ముందురోజు మావ నన్ను ఓరగా చూస్తూ అత్తతో అన్నాడు. "కూరా పండూ అందరూ వదుల్తారు. నువ్వు ఆ మందూ, ఆ కతల పిచ్చీ గంగలో కలిపీసి రా. ఇంటికి పట్టిన పీడ వదుల్తాది."

అత్త బట్టలు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది.  గంగలో మునిగి, పక్కన మొగుడు గుర్తుచేస్తుంటే, ఏ ఆడది కాదంటుంది? నిజం చెబుతున్నాను, ఆవిడ మందు పోతుందని కాదు నా దిగులు. ఆ మధ్యాహ్నాలు పోతే, ఆ ఇంట్లో నాతో నాలుగు మాటలు కలిపే మనిషే ఉండదు. అత్త నా అత్తలా కాక తోడులా ఉండేది ఆ చాప మీదే.

అప్పటికి సగం చదివిన నవలలో డిటెక్టివును గుహలో పెట్టి బండ అడ్డం వేసేశారు. ఆమదాలవలసలో రైలెక్కబోతూ అత్త నా చెవి దగ్గర, "నానొచ్చేదాకా ఆ బండ కదపకు" అంది. ఆ మాటకే వేలాడుతూ రోజులు గడిపాను. పుస్తకం తెరవలేదు. నమ్మకపోతే మానండి.

కాశీ నుంచి వచ్చారు. చేతులకు నల్ల దారాలు కట్టించుకోడానికి ఇరుగుపొరుగంతా చేరారు. ఏం వదిలారని అందరూ అడిగేవాళ్ళే. మావ కాకరకాయ వదిలాడట. కాకరకాయ వండిన రోజున కంచం తోసేసే మనిషి! వసారా అంతా ఘొల్లున నవ్వింది.

"మరి నువ్వేటి వదిలినావే?" అని అత్తను అడిగారు.

"కూరల్లో పొట్లకాయ. పళ్ళల్లో ద్రాచ్చ. పచ్చగా గుత్తులు గుత్తులు అమ్ముతన్నారు. ఒకటి నోట్లో ఏసుకున్నాను, బలే ఉన్నాది. ఇష్టమైందే వదలాల గదా, అదే వదిలీసినాను. మనూళ్ళో ఎలాగూ దొరకదు" అని మావ వైపు చూసి నవ్వింది.

కథలు వదలలేదు! ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే గూట్లోని సీసా గుర్తొచ్చింది.

భోజనాలయ్యాయి. అరుగు మీద గుర్రు మొదలైంది. చాప పరిచాను. అత్త మందు పోసుకుని, సీసా పక్కన పెట్టబోతూ ఆగింది. చీటీని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది. తీగ, ఆకు, కిందికి వేలాడే గుత్తి.

"ఒసే. ఇవి నేరేడుపళ్ళేనా?"

 ఆవిడ కళ్ళలోకి చూసి అబద్ధం ఎలా చెప్పను? "కాదత్తా. ద్రాక్ష. నల్లవీ ఉంటాయి" అన్నాను. వెంటనే, "మందుకి పట్టింపులేటి అత్తా, తాగు" అని బతిమాలాను.

"గంగలో మునిగి సెప్పిన మాటే. పేరు మార్సి తాగితే గంగకి తెలీదా?"

గ్లాసు కింద పెట్టేసింది. ఇన్నేళ్ళ గుటక అలా చాప పక్కన ఉండిపోయింది. మందు లేకపోతే నడుం వాల్చే పనీ లేదు. నాకు ఏడుపొచ్చింది. పుస్తకం మూసేశాను.

"అదేల మూసీసినావ్?"

"మరి మందు..."

"నాను వదిలింది పండు. కతని వదల్నేదు గదా" అంది. గ్లాసు నా వైపు తోసింది. "నువ్వు కాసీ ఎల్లనేదు. తాగు."

తాగాను. నాలిక మీద ముందు తీపి, గొంతులో సన్నని మంట.

"ఎలాగున్నాది?"

"బావుందత్తా."

"బావుంటే బావున్నాదని నాకూ తెల్సు. ముందేటొచ్చింది, ఎనకాల ఏటొచ్చింది? సరిగా సెప్పు."

ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుంది. ఇంకో గుటక నోట్లో నిలుపుకుని మింగాను. ముందు పాత బెల్లం, తర్వాత లవంగం, ఆఖర్న నాలిక చివర నిలిచే చిన్న వగరు. తొందరపడకుండా, పుస్తకం చదివినట్టే చెప్పాను. చెబుతుంటే ఆవిడ గొంతు ఒకసారి మింగినట్టు కదిలింది. ముఖంలో ముడతలు ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

"ఊఁ," అంది కాసేపటికి. "ఇప్పుడు ఆ బండ తియ్యి."