పరీక్ష నాటి జీపు

ప్రొద్దుటూరులో మా వీధి మొదట ఉన్న ఇస్త్రీ అంగడి ముందు నుంచి పోతుంటే, గంజి పెట్టిన ఖాకీ బట్టల మీద వేడి పెట్టె ఆనినప్పుడు లేచే వాసనకు పెద్దముడియం దగ్గరి మా ఊరి బడి గుర్తొస్తుంది. బడి అంటే అందరికీ సుద్దముక్కల వాసనేమో, నాకు మాత్రం పోలీసుల బట్టల వాసన.

ఊరు రెండు పార్టీలుగా చీలి బాంబులు వేసుకున్నాక, వారానికని వచ్చిన పోలీసు పికెట్టు మా బడిలో దిగి ఏండ్ల తరబడి కదల్లేదు. వరండాలో ఇసుక మూటలు, మా బెంచీల మీద వాళ్ల పక్కలు. బయట వేపచెట్టు కింద కూర్చున్న మేము, వాళ్ల పప్పులో తిరగవాత పడిన వాసనకు ఎక్కాలు మరిచి అటు తిరిగేవాళ్లం. జమ్మలమడుగు నుంచి రావలసిన అయ్యవారు బస్సు వచ్చిన రోజే వచ్చేవాడు, రాని రోజు ఆ మూటల చాటున దాగుడుమూతలు ఆడేవాళ్లం. శెనక్కాయలు పెరికే కాలంలో సగం మంది పిల్లలు చేలల్లోనే ఉండేవాళ్లు.

మా అక్క ఓబుళమ్మ మాత్రం బడి మానలేదు. మా ఇంట్లో ఏడో తరగతి దాకా వచ్చింది ఆమె ఒక్కతే. పబ్లిక్ పరీక్ష జమ్మలమడుగులో. పాసైతే అక్కడే హాస్టల్లో సీటు, లేకుంటే కూలి. ఉగాది నాడు ఓలిగ తింటూ కూడా పుస్తకం వదల్లేదు. ప్రభుత్వం బడి కట్టించింది, హాస్టలు కట్టించింది, రెంటికీ నడుమ దారి మాత్రం పార్టీల చేతిలో ఉండేది.

పరీక్ష నాడు బస్సు రాలేదు. ముందు రోజు ఆ దారిలో ఎవరినో నరికారట. పికెట్టులోని ముసలి హెడ్డు కానిస్టేబులుకు అక్కంటే అభిమానం. ఆయన జీపు తెచ్చి మా గడప ముందు ఆపాడు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అట్టా, పెన్నూ పట్టుకుని అక్క ఒక కాలు జీపులో పెట్టింది. గొర్రెల దొడ్డి నుంచి వచ్చిన మా నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్. జీపెక్కితే సాక్ష్యం చెప్పేదానికి పోతాందనుకుంటారు. మీరు రేపు పోతారు, మేము ఈడనే బతకల్ల."

"పరీక్షకు పోతాండానని అందరికీ తెలుసు గదా నాయనా," అంది అక్క.

"తెలిస్తే సాలదు, నమ్మల్ల."

అక్క కాలు కిందికి దించింది. ఏడవలేదు. అట్టను గూట్లో పెట్టి అమ్మ వెంట కూలికి పోయింది. నాయనది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. అంతకంటే చిన్న అనుమానాలకే ఆ వీధిలో మనుషులు పోయారు. ఇది చెప్తున్నప్పుడు నాకు కోపం రాదు, దుఃఖమూ రాదు, ఎవరో పరాయి వాళ్ల ఇంటి సంగతి చెప్తున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఊళ్లో పికెట్టు లేదు. పిల్లలు లేక బడికి తాళం పడింది. నాటి ఇద్దరు నాయకుల ఇండ్లూ ఒకే పార్టీలో చేరి, మొన్న వియ్యమందాయి. ఆ పెండ్లిలో అక్క పనికి పోయిందని తెలిసి ఫోన్ చేశాను.

"ఎట్ల పోబుద్ధయింది అక్కా?"

"శానా బాగా జరిగిందిలే. రెండిండ్లోళ్లూ ఒకే బంతిలో కూచోని తిన్యారు. ఆ ఇస్తరాకులు నేనే ఎత్తినా," అంది.