నన్ను ఆర్నిథీన్ అని పిలిచిన మాస్టారు

యేసురత్నం మాస్టారు ఇక లేరని సోమవారం ఉదయం ఫోన్లో విని నేను నమ్మలేదు. ముందురోజే కదా బజారులో నన్ను ఆపి, "ఏమ్మే ఆర్నిథీనూ, పాఠం చెప్తా ఉండావా, ఊరికే చదివిస్తా ఉండావా?" అని అదిలించారు! అంతటి చైతన్యమూర్తి గుండె ఆగిందంటే ఎవరు నమ్ముతారు?

నాయుడుపేటలో మాకు ఇంటర్మీడియట్ జీవశాస్త్రం బోధించిన మహనీయుడాయన. యూరియా పాఠం రోజున, "వరికి చల్లేది అన్నంలో కలిసి ఒంట్లోకొస్తాదా సార్?" అని అడిగాను. తరగతంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం గంతేసినంత పని చేశారు.

"భలే అడిగినావు! బస్తాతో పన్లేదమ్మే, ఫ్యాక్టరీ నీ కాలేయంలోనే ఉంది! తిన్న మాంసకృత్తులు విరిగితే నత్రజని మిగిలి అమోనియా అవుతాది. అది విషం. రొయ్య దాన్ని నీళ్లలోకి వదిలేస్తాది. గట్టున బతికే మనకు అన్ని నీళ్లు యాడివి? అందుకే యూరియా!"

మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టారు. నేను కాలేయంలో యూరియా తయారీని మొదలుపెట్టే అమైనో ఆమ్లం ఆర్నిథీన్‌ని. నత్రజని చీటీలు రెండు, బొగ్గుపులుసు వాయువు చీటీ ఒకటి చేతులు మారి, యూరియాగా కలిసి మూత్రపిండాల దారి పట్టాయి. "చూసినారా! యూరియా పోయింది, ఆర్నిథీన్ మళ్లీ మొదటికొచ్చింది!" అని చప్పట్లు కొట్టారు. ఆ పేరే నాకు స్థిరపడింది.

మా నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాడు. తాగుడుతో కాలేయం చెడి, అప్పటికి మందు మానేసి ఏడాదైంది. ఒక ఆదివారం పట్టపగలే మత్తుగా తూలుతూ, నన్ను మేనత్త పేరుతో పిలిచాడు. "మళ్లీ తాగొచ్చినాడు" అని అమ్మ తలుపు వేసేసింది. అప్పుడే అమ్మ దగ్గర చేపలు కొనడానికి వచ్చిన మాస్టారు నాయనను పరీక్షగా చూశారు.

"గుంటకు అమోనియా ఎక్కితే రొయ్య ఎట్టుంటాదమ్మా?"

"మత్తుగా గట్టు పక్కన తిరగతాది సార్" అంది అమ్మ.

"మీ ఆయనకీ అదే అనుకుంటా! కాలేయం యూరియా చెయ్యలేకపోతా ఉంది. తిట్టబాక, బండెక్కించు!"

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరూ అదే మాట చెప్పి వైద్యం చేశాడు. నాలుగో రోజుకు నాయన నన్ను నా పేరుతో పిలిచాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

నిన్న సమాధిలో పిడికెడు మట్టి వేస్తూ నాయన, "ఇది తాగుడు గాదన్నది ఈయనొక్కడే. ఇంట్లోవాళ్లు గూడా అనలా" అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువర్యా, రేపు నా తరగతిలో అదే పాఠం. పిల్లలను గుండ్రంగానే నిలబెడతాను. ఆర్నిథీన్ మొదటి చోటికి వస్తుంది. చప్పట్లు కొట్టడానికి మీ చేతులే ఉండవు.