తడిమన్నులో రెండు గుంతలు

అంగళ్లు అనే ఊరికి పోయే దారిలో సైకిలు మీంచి పడి మా ఆయనకు కుడిమోకాలు విరిగింది. కట్టు విప్పిన రోజు డాక్టరు కచ్చితంగా చెప్పాడు. రెండు నెలల్లో మోకాలు మడత పడకపోతే ఇక ఎప్పటికీ పడదట. సైకిలుకు స్టాండు వేసి, వెనక చక్రం గాల్లో తిరిగేట్టు పెట్టి, ఇంట్లోనే రోజూ అరగంట తొక్కమన్నాడు. అంగళ్లు బడికి సైకిలు మీద పోయి పాఠాలు చెప్పే మనిషి. కాలు కర్రలా ఉండిపోతే ఆ బడి మాటేమిటి?

ఆయనేమో అయిదు నిమిషాలు తొక్కి దిగేసేవారు. సీటు గుచ్చుకుంటోందనేవారు. మదనపల్లె అంగట్లో స్ప్రింగుల సీటు కొనుక్కొచ్చాను. ఎగిరేస్తోందన్నారు. కుప్పం స్టేషన్లో పనిచేసే మా అన్న ఒక వెడల్పాటి సీటు సంపాదించి పంపాడు. తొడలు ఒరుసుకుంటున్నాయన్నారు. నేను నోరున్నదాన్ని.

"సీట్లకేమీ రోగం లేదు, మీకే ఒళ్లు వంగదు" అనేశాను.

చివరికి బొగ్గుతో నడిచే బస్సెక్కి పుంగనూరు పోయాను. అక్కడ జట్కా గుర్రాలకు జీన్లు కుట్టే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. నేను తీసుకుపోయిన రెండు సీట్లనూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"కూసునే మనిషిని సూడకుండా సీటు కొంటే యెట్లమ్మా? పలక మీద తడిమన్ను పరిసి, గోనెపట్ట కప్పి, ఆయప్పను కూసోబెట్టు. రెండు గుంతలు పడతాయి. నడుమ ఎంతుందో పుల్లతో కొలుసుకోని రా."

పెరట్లో మన్ను పరిచాను. "ఈ వయసులో నాకు మన్నాట యాలే" అని గొణుగుతూనే కూర్చున్నారు. ఆయన్ను లేపి గోనె తీశాను. ఎడమ గుంతలో నా పిడికిలి పట్టింది. కుడిపక్క మన్ను నలగనే లేదు.

బరువంతా ఒకవైపే వేసి కూర్చుంటే ఏ సీటైనా గుచ్చుకోకేం చేస్తుంది?

"అంత నొప్పిగా ఉండాదా? ఒక్కమాట చెప్పుంటే ఏం పోయింది?"

"నొప్పి కాదే" అన్నారు తల వంచుకుని. "ఆ పక్క బరువేస్తే మళ్లా పడతానేమోనని బయం."

నట్టింట్లో, స్టాండు వేసిన సైకిలు మీంచి! ఇంకోరోజైతే పడీపడీ నవ్వేదాన్ని. ఆ పూట ఏడుపొచ్చింది. ఎన్నేసి మాటలన్నాను ఆ మనిషిని.

మన్ను సదిరి, రెండుపక్కలా ఆనేట్టు ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టి నడుమ కొలిచాను. ఆ పుల్ల కొలతకు సాయిబు సీటు కుట్టిచ్చాడు. మా ఆయన భయం సంగతి కూడా సాయిబుకు చెప్పాను.

"దానికి నా కాడ తోలు లేదమ్మా. నువ్వే పట్టుకోవల్ల" అన్నాడు.

పట్టుకున్నాను. రోజూ ఆయన తొక్కినంతసేపూ కుడిపక్కన నిలబడి నడుము చుట్టూ చెయ్యి వేసేదాన్ని. పొయ్యి మీద కూర మాడినా కదల్లేదు.

"పట్టుకోనుండావా?" అని అడిగేవారు.

"ఉండాను, తొక్కండి."

మోకాలు కొంచెం కొంచెంగా మడత పడసాగింది. ఒక ఉదయం సీటుకు నూనె రాస్తుంటే నా వేళ్లకు తోలులో రెండు గుంతలు తగిలాయి. రెండూ ఒకే లోతు. మళ్లీ తడిమి చూసుకున్నాను.

"ఈపొద్దు స్టాండు తీసేయండి" అన్నాను.

ఆయన అంగళ్లు దారి పట్టారు. మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఇంకా చాచే ఉంది.