నెట్టు ఆగినా ఆగని కిష్టవ్వ ప్రశ్న

జైనూరు కొండల మీద మోదుగులు ఎన్నిసార్లు పూసి రాలినా, ఎడ్లబండ్ల బాటలోకి ఆటోలు వచ్చినా, కొంగుముడిలోని రూపాయి చేతిఫోనులోకి కాపురం మార్చినా, కాలప్రవాహం కదిలించలేకపోయినది ఈ ఊళ్లో ఒక్కటే ఉంది: కూరగాయల కిష్టవ్వ నోటి ప్రశ్న, "ఇయ్యాల ఏం కూర?"

మంత్రానికి ముందు ఓంకారంలా, ఆమె బేరానికి ముందు ఆ ప్రశ్న. ఊరేగింపు ఆపి పెళ్లికొడుకును అడిగింది. బందోబస్తుకు వచ్చిన ఎస్సైని అడిగింది. ఆయన తడబడి "బెండకాయ" అని వాంగ్మూలం ఇచ్చాడు. అందరికంటే ఎక్కువ నవ్వేవాడు రీచార్జి దుకాణం నాగరాజు.

"అవ్వా, మా వంటింట్ల కెమెరా పెట్టియ్యాల్నా?"

"పెట్టు బిడ్డా. ఉప్పెక్కువైతే ఈడికెల్లే జెప్త."

ఇంతలో ఏదో గొడవ రేగి, వదంతులు పాకకూడదని సర్కారు ఇంటర్నెట్టు ఆపించింది. టీకొట్టులో పైసలు పడ్డాయని పలికే డబ్బా మౌనవ్రతం పట్టింది. ఫోనులో వేలున్న మహనీయులు చాయ్ ముందు కూర్చుని, ఉండీ కనబడని తమ ధనాన్ని పరబ్రహ్మంలా ధ్యానించారు. ఏటీఎం కూడా నిద్రపోయింది. టోకు సరుకు పంపే సేటుకు సొమ్ము చేర్చే దారిలేక కూరగాయల లారీ రాలేదు. బజారులో మిగిలినవి కిష్టవ్వ సొంత చేని వంకాయలే. చిల్లర ఉన్నవాడు లేక అవీ ముడుచుకుంటున్నాయి.

నాగరాజు దుకాణానికి ఈగలు తప్ప గిరాకీ లేదు. ఇంట్లో అతడూ, భార్య ఉమారాణీ కారం మెతుకులతో గడుపుతున్నారు. అరువు అడగడానికి అభిమానం అడ్డం.

"నాగరాజూ, ఇయ్యాల ఏం కూర?"

బజారంతా వింటోంది. అతడు మీసం సవరించుకున్నాడు. "గుత్తొంకాయ, అవ్వా. నూనె తేలింది."

కిష్టవ్వ తన తట్టను చూసింది, అతణ్ణి చూసింది. "మంచిగుంటది" అంది, అంతే.

మధ్యాహ్నం తట్టతో సహా అతడి గడపలో ప్రత్యక్షమైంది. కారం కలిపిన పళ్లేలు దాచే వ్యవధి లేకపోయింది.

"ఊర్ల వంకాయలన్నీ నా తట్టల్నే ఉన్నయి. నీకు నేనైతే అమ్మలే. మరి నువ్వు తిన్నది ఏ చెట్టు కాయ బిడ్డా?"

నాగరాజు పళ్లెం వెనక్కి జరిపాడు. "నెట్టు రాంగనే పైసలేసి కొంట అవ్వా..." అని నసిగాడు.

"దాని ఫికర్ నీకెందుకు? పదిమంది ముంగట జెప్పినవ్. నా ఊరోడు అబద్ధమాడిండంటే నాకు మంచిగనిపిస్తదా? పొద్దుగూకకముందే వండుకొని తినుండ్రి, నిజమైతది." వంకాయలు చాటలో కుమ్మరించి, ఉమారాణి వైపు తిరిగింది. "నూనె తేలాలె బిడ్డా. అట్లనే జెప్పిండు మరి."

ఆమె పక్కింటికి కదిలింది. "ఇయ్యాల ఏం కూర?" నాగరాజు గడపలో నిలబడి మొదటిసారి ఆ ప్రశ్నను నవ్వకుండా విన్నాడు. జవాబు చటుక్కున వచ్చిన ఇంటిని ఆమె దాటిపోతోంది. జవాబు తడుముకున్న ఇంటి ముందు తట్ట దిగుతోంది.

సాయంత్రం అతడు మూతపెట్టిన గిన్నెతో ఆమె ఇంటికి వెళ్లాడు.

"అవ్వా, ఇయ్యాల ఏం కూర?"

ఆమెను జన్మలో ఎవరూ అడగని ప్రశ్న. కిష్టవ్వ ఖాళీ తట్టను చూసుకుంది, లేని మీసం సవరించుకుంది. "గుత్తొంకాయ బిడ్డా. నూనె తేలింది."

నాగరాజు గిన్నె మూత తీసి ఆ మాటను నిజం చేశాడు.

కిష్టవ్వ తట్ట నిత్యమూ ఖాళీ అగుగాక, ఇల్లు నిత్యమూ నిండుగాక. ఆమె అడిగే ప్రతి గడపకూ చెప్పుకోవడానికి ఒక కూర ఉండుగాక.